చేపల బిందెకి కళాయి

చేపల తొట్టిలో నీళ్ళు మార్చడానికి ఇత్తడి సామాను చేసిచ్చిన మొనగాణ్ణి తాడేపల్లిగూడెం మొత్తం మీద నేనొక్కణ్ణే. గొప్పకి చెప్పుకుంటున్నాననుకునేరు, ఆగండి. ఇందులో గొప్ప ఎంతుందో తప్పు ఎంతుందో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మాది రేకు పనీ కళాయి పనీ చేసుకునే ఇల్లు. కిరసనాయిలు గరాటాలు, డ్రమ్ములోంచి నూనె తోడే చేతి పంపులు, చిల్లుపడ్డ బిందెలకి మాట్లు, వంట గిన్నెల లోపల తగరం పూత. తాతల నాటి నుంచీ ఇదే బతుకు. ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే చిలుమెక్కి విషమవుతుందని, లోపల కళాయి ఉంటే ఏ భయమూ లేదని నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ తెలుసు. తెలిసిన సంగతే మనిషిని ఎక్కువ మోసం చేస్తుందని మాత్రం అప్పటికి తెలియదు.

నేను చెప్పేది రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకి జరిగిన సంగతి. బజారంతా ప్లాస్టిక్ పరుచుకున్న రోజులవి. బిందె ప్లాస్టిక్, గరాటా ప్లాస్టిక్, ఆఖరికి పీట కూడా ప్లాస్టిక్. నాకు దాన్ని చూస్తే ఒళ్ళు మండిపోయేది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. మా నాన్న నాకిచ్చిన ఆస్తి కొలిమి, తిత్తి, ఆ కోపం.

మా కొట్టుకి ఎదురుగా ఒక బట్టల కొట్టు ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. షావుకారు గారికి ఎవరో వాస్తు పండితుడు చెబితే ఈశాన్యం మూల మూడడుగుల అద్దాల తొట్టి పెట్టించి, పది గోల్డ్ ఫిష్‌లని వేశారు. ఆయన తల్లికి డెబ్బై దాటాయి. బజారులో అందరం ఆవిణ్ణి మామ్మగారనే పిలిచేవాళ్ళం. కార్తీక మాసంలో ఉల్లిపాయ కూడా గడప దాటనివ్వని మనిషి. "ఇంట్లో చేపలేంట్రా, అప్రాచ్యపు పని" అని మూడు రోజులు కొట్టు వైపే రాలేదట. నాలుగో రోజు వచ్చి తొట్టి ముందు కుర్చీ వేయించుకున్నారు. ఆ తర్వాత ఆ కుర్చీ అక్కడి నుంచి కదల్లేదు.

ఆ పదింటిలో ఒకటి నల్లది. దాని గుడ్లు రెండూ బుడగల్లా బయటికి పొడుచుకొచ్చి ఉండేవి. మామ్మగారికి శుక్లాల ఆపరేషన్ అయ్యి దళసరి కళ్ళద్దాలు వచ్చాయి. "ఇది నా జాతిదిరా" అని దానికి కళ్ళజోడు అని పేరు పెట్టేశారు. మధ్యాహ్నం భోజనమయ్యాక వచ్చి "ఏమే కళ్ళజోడూ, తిన్నావా?" అని అడిగేవారు. అది అద్దం దగ్గరికి వచ్చి నోరు తెరిచేది. దానికి వినిపించేదా, ఆవిడ చీర రంగు కనిపించేదా అని నేను రోడ్డుకి ఇవతల సుత్తి పట్టుకుని తెగ ఆలోచించేవాణ్ణి.

నీళ్ళు మార్చడం దగ్గర వచ్చింది చిక్కు. షావుకారు గారు మొదట్లో రబ్బరు గొట్టం ఒక కొస తొట్టిలో పెట్టి, రెండో కొస నోటితో పీల్చి వదిలేవారు. ఒక శనివారం ఆ నీళ్ళు గుటక పడ్డాయి. పాపం, శాకాహారి నోట్లో చేపల నీళ్ళు! ఆ రోజు ఆయన రెండుసార్లు తలస్నానం చేసి, తులసి తీర్థం తాగి, సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ మర్నాడే ఏలూరు వెళ్ళి చేపల సామాను కొట్టులో ఒక పంపు కొనుక్కొచ్చారు. నీలం ప్లాస్టిక్ గొట్టం, మధ్యలో నొక్కడానికి రబ్బరు బుడ్డి. బుడ్డి నాలుగుసార్లు నొక్కితే నీళ్ళు వాటంతటవే వస్తాయి. రెండు నెలలకి బుడ్డి పగిలింది.

ఆయన దాన్ని చేత్తో పట్టుకుని రోడ్డు దాటి వచ్చారు. "ఏవండీ మేస్త్రీ గారూ, దీనికేమైనా మాటు పడుద్దాండీ?" అని అడిగారు.

"ప్లాస్టిక్‌కి మాటేంటండీ, చెత్తకుప్పే దానికి మాటు" అన్నాను. "నేను చేసిస్తాను ఉండండి. మీ మనవలు కూడా వాడుకుంటారు."

నోట్లో నువ్వుగింజ నానదు నాకు. అనేశాక వెళ్ళి తొట్టి ముందు గంటసేపు నిలబడ్డాను. నీళ్ళు ఎక్కడైనా పల్లానికే పోతాయి కదా, మరి గొట్టంలో గోడ ఎక్కి అవతలికి ఎలా దిగుతున్నాయి? కిరసనాయిలు డ్రమ్ముల దగ్గర వేలసార్లు చూసిన వింతే అది. అయినా అద్దంలోంచి చూస్తుంటే కొత్తగా ఉంది. అడుగున పేరుకున్న మడ్డి లేవాలి, పరిచిన గులకరాళ్ళు లేవకూడదు, చేప తోక లోపలికి పోకూడదు. కొత్త నీళ్ళు పోసేటప్పుడు ధారగా పడితే చేపలు బెదురుతాయి. పైగా కొళాయి నీళ్ళలో మునిసిపాలిటీ కలిపే మందు వాసన పోవడానికి వాటిని ఒక రాత్రంతా నిలవ ఉంచాలట. ఇదంతా షావుకారు గారు ఏలూరులో విని వచ్చి నాకు చెప్పారు.

మూడు రోజులు వేరే పని ముట్టుకోలేదు. సన్నటి ఇత్తడి గొట్టానికి అడుగున గరాటా మూతి అతికి, దానికి జల్లెడ బిగించాను. పైన మా కిరసనాయిలు పంపులో ఉండే తోపుడు కడ్డీ పెట్టాను. రెండుసార్లు తోస్తే చాలు, నోరు పెట్టే పనిలేదు. నీళ్ళు నిలవ ఉంచడానికి పెద్ద ఇత్తడి బిందె తీసుకుని, అడుగున చిన్న కొళాయి పెట్టి, దానికి సన్నటి రబ్బరు గొట్టం తగిలించాను. బిందెకీ గొట్టానికీ లోపల దిట్టంగా కళాయి వేశాను. తగరం అంటుకోవడానికి నవాసారం చల్లి, తగరం కరిగించి, దూదితో తిప్పి తిప్పి రుద్దితే బిందె లోపల వెండిలా మెరిసింది. మొహం చూసుకోవచ్చు.

మొదటి శనివారం బజారులో సగం మంది చూడ్డానికి వచ్చారు. రెండు తోపులకి మడ్డి గుడగుడమంటూ వెళ్ళి పెరట్లో మందార మొక్కకి పడింది. బిందెలోంచి కొత్త నీళ్ళు చప్పుడు లేకుండా దిగాయి. కళ్ళజోడు పక్కకి కూడా జరగలేదు. మామ్మగారు లోపలికి వెళ్ళి పసుపూ కుంకుమా తెచ్చి బిందెకి బొట్టు పెట్టారు. నా ఛాతీ ఎంత వెడల్పయ్యిందో చెప్పలేను.

మూడు నెలలు ఏ బాధా లేదు. శనివారం శనివారం నీళ్ళు మార్చేటప్పుడు రోడ్డుకి ఇవతల నుంచి చూసేవాణ్ణి. బిందే పంపూ బంగారంలా ధగధగలాడేవి. ఎంత బాగా చూసుకుంటున్నారో అని మురిసిపోయేవాణ్ణి.

నాలుగో నెలలో ఒక ఆదివారం పొద్దున్న ఒక చేప చచ్చి తేలింది. ఆ పై ఆదివారం ఇంకొకటి. అప్పుడు తెలిసింది మామ్మగారి సంగతి. చేప పోయిన రోజున ఆవిడ పచ్చి మంచినీళ్ళతో పస్తుండేవారు. తన ఇంట్లో ప్రాణం పోయింది కాబట్టి పాపం తనదేనని ఆవిడ లెక్క. చూడొచ్చిన వాళ్ళు ఓదార్చబోయేవారు. "ఊరుకోండి మామ్మగారూ, మీ ఇంటికి రావాల్సిన గండం చేప తీసుకుపోయింది, మంచిదే" అనేవారు.

"నా గండం దాని నెత్తిన పెట్టడానికి నేనెవర్నే?" అని ఆవిడ కసిరేవారు.

ఆవిడకి సుగరు. మాత్రలు వేసుకుని పస్తుంటే ఏమవుతుంది? మూడో చేప పోయిన రోజు తొట్టి ముందే కళ్ళు తిరిగి పడిపోయారు. గల్లాపెట్టె అంచు తగిలి నుదురు చిట్లింది. డాక్టరు గారు షావుకారు గారిని పట్టుకుని చెడామడా తిట్టారట. ఇంకోసారి ఇలా పస్తుంటే మనిషి దక్కదన్నారట. తొట్టి ఎవరికైనా ఇచ్చేద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు. "అక్కడ చస్తే నాకు తెలియదనా? అదా నీ ఉపాయం?" అన్నారు. షావుకారు గారు నా దగ్గరికి వచ్చి కొలిమి పక్కన కూలబడ్డారు. "చేప పోతే ఇంకోటి తెచ్చుకుంటామండీ. అమ్మ పోతే ఎక్కణ్ణుంచి తెచ్చుకోనండీ?" అన్నారు. ఆయన కంట్లో నీళ్ళు నేను అప్పుడే చూశాను.

అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. చేపలు ఎందుకు చస్తున్నాయి? ఎవరో ఒకరిది తప్పు అయ్యుండాలి, ఎవరిదో తేలితే తన్ని రావాలి. ముందు మునిసిపాలిటీ నీళ్ళని అనుమానించాను. మా ఇంటి కుండలో నీళ్ళూ అవే, మేమెవరం చావలేదు. మేత మార్పించాను. గాలి బుడగల మిషను మార్పించాను. ఎండాకాలం వేడి అనుకుని గోనెపట్టాలు తడిపి కట్టించాను. నాలుగు, ఐదు, ఆరు పోయాయి. ఆరు పస్తులయ్యాయి. మామ్మగారి చెంపలు లోపలికి పోయాయి.

ఆఖరికి ఏలూరు చేపల కొట్టువాడే రోగిష్టి చేపల్ని అంటగట్టాడని తీర్మానించుకుని బస్సెక్కాను. మాలాగే సాయిబే, నా అంత వయసు వాడే. నేను గుమ్మంలోంచే మొదలుపెట్టాను. ఆయన అంతా విని, కుర్చీ చూపించి, "కూర్చోండి, మంచినీళ్ళు తాగుతారా?" అన్నాడు. "రోగం చేపలైతే మూడు నెలలు ఎలా బతికాయండీ? మధ్యలో మీరేం మార్చారో చూసుకోండి. ఇంతకీ నీళ్ళు దేంతో మారుస్తున్నారు?"

"ఇత్తడి సామాను. నా చేత్తో చేశాను" అన్నాను.

"మేం ప్లాస్టిక్కే వాడతామండీ" అన్నాడు మెల్లిగా. నాకు చిర్రెత్తుకొచ్చింది. నీ బుడ్డి రెండు నెలలకి పగిలిందిరా అని వచ్చిన కసంతా కక్కేసి, మంచినీళ్ళు తాగకుండానే వచ్చేశాను.

తిరుగు బస్సులో గుండుగొలనులో దిగాను. అక్కడ కొల్లేరు వైపు చెరువులు కౌలుకి తీసుకుని చేపలు పెంచే ఒకాయన డీజిలు గరాటాలు నా దగ్గరే చేయించుకునేవాడు. అవి ఇచ్చిపోదామని వెళ్ళేసరికి ఆయన చెరువు గట్టు మీద కూర్చుని నీలం రాళ్ళు గుడ్డ మూటల్లో కడుతున్నాడు. వెదురు గెడలకి ఆ మూటలు వేలాడదీసి నీళ్ళలో ముంచుతున్నారు.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"మైలుతుత్తం అండీ. నాచు పెరిగిపోయింది, దానికి మందు."

"చేపలు చావవా?"

"అదే కదండీ కిటుకు! నాచు చచ్చి చేప బతికేంతే వెయ్యాలి. చెయ్యి కాస్త జారిందా, తెల్లారేసరికి చెరువంతా తెల్లగా తేలిపోద్ది. రాగి కదండీ, మనకేం కాదు గానీ చేపకి అస్సలు పడదు."

"రాగా?" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక రాగీ ఇత్తడీ తప్ప ఏమీ పట్టుకోని చేతులు నావి. ఇత్తడిలో ఎక్కువ పాలు రాగే.

వలలో పడ్డ చిన్న చిన్న పరిగె చేపలు కాసిని అడిగాను. "కూరకాండీ?" అన్నాడు. "కాదు, పరీక్షకి" అన్నాను. నవ్వుకుని, ప్లాస్టిక్ సంచిలో నీళ్ళు పోసి ఇచ్చాడు. భీమడోలు దాటి గూడెం చేరేదాకా ఆ ప్లాస్టిక్ సంచిని పసిపిల్లలా ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాను. నా మొహానికి అదొక్కటే తక్కువ.

ఇంటికొచ్చి మూడు పాత్రలు వరసగా పెట్టాను. మా ఆవిడ బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ టబ్బు, కళాయి లేని ఉత్త ఇత్తడి బిందె, కొత్తగా కళాయి వేసిన ఇత్తడి బిందె. మూడింటిలో ఒకే నీళ్ళు, ఐదేసి పరిగెలు. మర్నాడు మధ్యాహ్నానికి ఉత్త ఇత్తడిలో మూడు చచ్చి, రెండు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆ రెండింటినీ గబగబా టబ్బులోకి మార్చాను. టబ్బులోవి నిక్షేపంగా తిరుగుతున్నాయి.

"ఏవండోయ్, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఇన్నాళ్ళూ ఏలూరాయన్ని తిట్టారు" అంది మా ఆవిడ.

"ఇటు చూడు ముందు" అన్నాను. కళాయి వేసిన బిందెలో ఐదూ బతికే ఉన్నాయి. "షావుకారు గారికి నేనిచ్చింది కళాయి బిందె. నా కళాయి ఏడాది దాకా చెక్కుచెదరదు. మరి ఆ చేపలెందుకు చస్తున్నాయి చెప్పు?"

నా పని గెలిచిందన్న సంతోషం ఒక పక్క, గుండెలో గుబులు ఒక పక్క. ఇన్నాళ్ళలో ఆ బిందె లోపల ఎలా ఉందో నేను ఒక్కసారి కూడా చూడలేదు. నేను చూసినప్పుడల్లా దాన్నిండా నీళ్ళే ఉండేవి. చూడాలన్న ఆలోచనే రాలేదు. నా పనిని నేను తనిఖీ చేసుకోవడమేంటి?

మర్నాడు శుక్రవారం. శుక్రవారాలు నేను కొట్టు తియ్యను. ఇంట్లో పనులు చూసుకుని, స్నానం చేసి నమాజుకి వెళ్ళిపోతాను. అందుకే షావుకారు గారింట్లో శుక్రవారం ఏం జరుగుతుందో నాకు తెలియదు. ఆ రోజు పొద్దున్న పదింటికి వాళ్ళ పెరటి గుమ్మంలోంచి వెళ్ళాను. ఆదివారం నుంచీ ఒరిగి తిరుగుతున్న ఏడో చేప ముందురోజు సాయంత్రం పోయిందని, మామ్మగారు అప్పటి నుంచీ పస్తేనని కోడలు గారు గుసగుసగా చెప్పారు.

మామ్మగారు కొళాయి దగ్గర పీట మీద కూర్చుని ఉన్నారు. ముందు నా బిందె పక్కకి వంచి ఉంది. ఆవిడ చెయ్యి భుజం దాకా దాని లోపలికి వెళ్ళింది. చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచు. ఒంట్లో సత్తువ లేకపోయినా పళ్ళ బిగువున రుద్దుతున్నారు.

"మామ్మగారండీ, లోపల కూడా తోముతున్నారా?" అన్నాను.

"తోమకపోతే నీచు వాసన పోద్దా నాయనా? పంపూ గొట్టాలూ కడిగి ఇందులోనే పెడతాం కదా. లక్ష్మీపూజ చేసుకునేవాళ్ళం, ఇలా ఉంచుకుంటామా? ప్రతి శుక్రవారం నేనే తోముతాను. కోడలు తోమితే మెరవదు."

బిందె లోపలికి తొంగి చూశాను. వెండిలా ఉండాల్సింది పచ్చగా, బంగారంలా నవ్వుతోంది. ఒక్క చుక్క తగరం లేదు. శుక్రవారం చింతపండుతో తోమిన ఉత్త ఇత్తడిలో రాత్రంతా నీళ్ళు నిలవుండి, శనివారం తొట్టిలోకి దిగి, ఆదివారం చేప తేలుతోంది. మూడు నెలలు ఆగింది నా కళాయి. ఆ తర్వాత ఆగలేకపోయింది.

కనిపెట్టానన్న సంతోషం నాకు ఒక్క క్షణమే. చేప దానంతటది పోతేనే రోజంతా పస్తున్న మనిషి, ఏడూ తన చేత్తోనే పోయాయని తెలిస్తే ఏం చేస్తుంది? ఇంకోసారి పస్తుంటే దక్కదని డాక్టరు గారు చెప్పనే చెప్పారు.

"ఏంటలా చూస్తున్నావు?" అన్నారావిడ.

జన్మలో ఎప్పుడూ అనని మాట అన్నాను. "తప్పు నాదండీ మామ్మగారూ. కళాయి పల్చగా వేశాను. తగరం తక్కువ పెట్టాను. అది పోయి ఇత్తడి బయటపడింది. ఇత్తడిలో రాగి నీళ్ళలో దిగితే చేప బతకదండీ. పాపం ఏదైనా ఉంటే నాది. పస్తుండాలంటే నేనుండాలి, మీరు కాదు."

ఆవిడ చెయ్యి బయటికి తీసుకున్నారు. పమిటతో కళ్ళద్దాలు తుడుచుకుని, బిందెలోకి వంగి చూశారు. చూపుడు వేలు లోపల గోడ మీద మెల్లిగా నడిపించారు.

"అయితే నేను అన్నం తినొచ్చంటావా?" అన్నారు చివరికి.

"తినాలండీ."

కోడలు గారు అన్నం, పెసరపప్పు, మజ్జిగ తెచ్చారు. ఆవిడ చెయ్యి కడుక్కుని, నాలుగు ముద్దలు తిని, మాత్ర వేసుకునేదాకా నేను అక్కడే నిలబడ్డాను. ఆ రోజు నమాజుకి ఆఖరి వరసలో దొరికింది చోటు.

మర్నాడే మళ్ళీ ఏలూరు వెళ్ళాను. నీలం ప్లాస్టిక్ బకెట్టు, బుడ్డి పంపు నా చేత్తో నేనే తీసుకున్నాను. ఆయన ఎందుకని అడగలేదు. మంచినీళ్ళు మాత్రం మళ్ళీ ఇచ్చాడు. ఈసారి గ్లాసు ఖాళీ చేసి, సిగ్గు విడిచి క్షమించమన్నాను. తొట్టిలో నీళ్ళు ఆ బకెట్టుతో మారుస్తున్నప్పటి నుంచి ఒక్క చేప కూడా పోలేదు. మిగిలిన మూడూ, వాటిలో కళ్ళజోడూ, మళ్ళీ అద్దం దగ్గరికి రావడం మొదలుపెట్టాయి.

నా సంగతి మాత్రం బాగోలేదు. షావుకారు గారు మంచివారే. కానీ వచ్చిన ప్రతివాడూ చేపల మాట ఎత్తితే ఉన్నదున్నట్టు చెప్పేవారు. "కళాయి పల్చగా పడిందటండీ, మేస్త్రీ గారే ఒప్పుకున్నారు" అని. రెండు వారాల్లో బజారంతా పాకింది. తగరం తక్కువ పెడతాడట, తానే చెప్పాడట. గిన్నెలిచ్చేవాళ్ళు తిరిగి తీసుకునేటప్పుడు లోపల గోటితో గీకి చూడ్డం మొదలుపెట్టారు. పదిహేనేళ్ళుగా ఇచ్చే హోటలాయన తన గుండిగలు నిడదవోలు పంపించేశాడు. గోటితో గీకిన చప్పుడు విన్నప్పుడల్లా నా ప్రాణం మీద గీకినట్టుండేది.

"మామూలప్పుడు ఆగదు కదా నోరు, ఇప్పుడేమైంది? ఉన్న మాట చెప్పండి" అని మా ఆవిడ పోరేది.

"ఎవరికి చెప్పను? చెబితే ఎదురు కొట్టుకి వినపడదూ?" అనేవాణ్ణి.

రెండు నెలలయ్యాక ఒక సాయంత్రం, కొట్టు ముందు నలుగురైదుగురు గిన్నెలు పట్టుకుని నిలబడి ఉన్నప్పుడు, మామ్మగారు కోడలి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటి వచ్చారు. కోడలు గారి చంకలో ఆ బిందె ఉంది. ఆవిడ నా కొట్టు మెట్టెక్కడం అదే మొదటిసారి. ఇనప స్టూలు తుడిచి వేశాను. కూర్చున్నారు.

"అబ్బాయ్, దీనికి కళాయి వెయ్యి" అన్నారు.

"చేపలకి వద్దండీ మామ్మగారూ, బకెట్టు ఉంది కదండీ."

"చేపలకని ఎవరు చెప్పారు? నాకు మంచినీళ్ళకి." అని, అక్కడున్న వాళ్ళ వైపు తిరిగి గొంతు పెంచారు. "వినండి. వీళ్ళ నాన్న దగ్గర్నుంచీ మా ఇంటి గిన్నెలకి కళాయి వీళ్ళదే. ఏడాది తిరక్కుండా పోయింది ఒక్కటీ లేదు. ఈ బిందె లోపల చింతపండూ ఇటుక పొడీ పెట్టి మూడు నెలలు రుద్దింది నేను. పప్పు గిన్నె లోపల పీచు పెడితే కోడళ్ళ చెయ్యి మీద కొట్టేదాన్ని. అలాంటిదాన్ని నేనే చేశాను. పల్చగా వెయ్యడం ఇతనికి చేతకాదు."

కొలిమిలో బొగ్గు చిటపటమంది. నేను ఆవిడ దగ్గరికి వంగి, "మీకెప్పుడు తెలిసిందండీ?" అని అడిగాను.

"ఆ రోజే. వేలు పెట్టి చూశాగా. లోపలి గీతలన్నీ నా పీచువే."

"మరి ఆ రోజు అన్నం తిన్నారేంటండీ?"

"తినక? నీ పనిని నువ్వే అంత మాట అనుకుని నా ముందు పెట్టించిన అన్నం అది. దాన్ని వద్దంటే ఏడు చేపల పాపం కంటే పెద్ద పాపం నాయనా." కళ్ళద్దాలు సర్దుకున్నారు. "అప్పుడే అందరికీ చెప్పాల్సింది. ధైర్యం చాలక ఊరుకున్నాను. నీ గిన్నెలు గీకి చూస్తున్నారని నిన్ననే కోడలు చెప్పింది. ఇక ఉండబట్టలేదు."

నాకు ఏడుపొచ్చేసింది. నలుగురిలో ఏడవడమేంటని గబగబా తిత్తి ఊది పొగ లేపాను. బిందెని నిప్పుల మీద పెట్టి, నవాసారం చల్లి, తగరం పుల్ల మామూలు కంటే రెట్టింపు కరిగించాను. దూదితో తిప్పుతుంటే పచ్చదనం మీదికి తెల్లటి వెలుగు పాకింది. చుట్టూ ఉన్నవాళ్ళు మెడలు చాచి చూశారు. ఒక్కరు కూడా గోరు పెట్టలేదు.

చల్లార్చి, తుడిచి, ఆవిడ ముందు పెట్టాను. మామ్మగారు లోపలికి వంగి తన మొహం చూసుకున్నారు. నేను ఆవిడ చేతి వైపే చూస్తున్నానని గమనించి నవ్వారు.

"భయపడకు, లోపల చెయ్యి పెట్టనులే" అన్నారు.